లోహపు నేలలో శీతదేశపు మొక్కలు

కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో ఏ ఇల్లాలును చింతపండు పులుసు కాచదు. కాచినచో పులుసునకు చిలుము రుచి పట్టును. తిన్నవారికి కడుపులో త్రిప్పును. అదే గిన్నెలో మంచినీరు కొంతసేపు నిలిపినచో అంతటి హాని కనిపించదు. గిన్నె ఒక్కటే, అందులోని రాగి ఒక్కటే. పులుపు తగిలినప్పుడు మాత్రము గట్టిగా ఉన్న లోహము కరగి, కదలి, తిను పదార్థములోనికి వచ్చుచున్నది. నేలలోని లోహమునకును మొక్కకును గల సంబంధము సరిగా ఇట్టిదే. ఈ చిన్న విషయమును మనసున నుంచుకొనినచో, భూగోళపు ఉత్తరభాగమున, మంచుదేశములలో జరిగిన ఒక పెద్ద కథ సులభముగా బోధపడును.

రాగి, జింకు, నికెలు, సీసము, కాడ్మియము మొదలగు వానిని భారలోహము లందురు. వీనిలో కొన్ని మొక్కకు శత్రువులు కావు. అవి లేనిదే మొక్క బ్రతుకనే బ్రతుకదు. ఎండబెట్టిన ఆకును పరీక్షించినచో పది లక్షల పాళ్ళలో 5 మొదలు 20 పాళ్ళ వరకు రాగి సాధారణముగా కనిపించును. ఆ కొద్దిపాటి రాగి లేనిచో, వెలుతురుతో ఆహారమును తయారుచేసుకొను పని ఆకులో కుంటుపడును. జింకు మరికొంత ఎక్కువగా కావలెను. నికెలు సైతము మొక్కలకు అత్యవసరమేనని 1987లో అమెరికా శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. కూరలో రాగి ఉప్పు వంటిదనుకొన్నచో నికెలు ఇంగువ వంటిది, రవ్వంత చాలును. సీసముతోను కాడ్మియముతోను మాత్రము మొక్కకు పనియే లేదు. అవి వేరుదారిన దొంగలవలె చొరబడునవి.

హద్దు మీరిన లోహము మొదట వేరుకొసను పట్టుకొనును. వేరు సాగుట ఆగిపోవును; కొసలు మొద్దుబారి గోధుమరంగునకు తిరుగును. వేరు సాగనిచో మొక్క క్రొత్త తడిని వెదకికొనలేదు, క్రొత్త పోషకములను అందుకొనలేదు. రెండవ దెబ్బ ఆకుమీద పడును. ఇనుము, మెగ్నీషియము ఉండవలసిన చోటులలో అన్యలోహములు చేరుటచేతను, ఇనుము వేరునుండి పైకి సరిగా అందకపోవుటచేతను ఆకు పచ్చదనము తగ్గి పాలిపోవును. మూడవ దెబ్బ కంటికి కనపడనిది. జీవకణములలో ప్రాణవాయువు నిత్యము ఒక క్రమము ననుసరించి పనిచేయుచుండును. లోహము ఆ క్రమమును చెడగొట్టినప్పుడు ప్రాణవాయువే తీక్షణమైన రూపములను దాల్చి, కణమును చుట్టియున్న పలుచని పొరలను కాల్చివేయును. అన్నము వండిపెట్టు నిప్పే అదుపు తప్పి ఇంటికప్పు నంటుకొనినట్లు జరుగును.

ఇచట ఒక విశేషము కలదు. తీవ్రమైన చలి కూడ మొక్కను ఈ విధముగనే బాధించును. చలిలో ఆకు వెలుతురును గ్రహించుచునే యుండును గాని, ఆ శక్తిని వాడుకొను పనులు మందగించును. మిగిలిన శక్తి ప్రాణవాయువు మీదికి మరలి అదే నిప్పును రగుల్చును. కనుక మంచుదేశపు మొక్కలు తరతరములుగా ఆ నిప్పు నార్పు సాధనములను సమకూర్చుకొనినవి. తీక్షణరూపములను శాంతింపజేయు ఎంజైములు, విటమిను సి, గ్లూటాథయోన్ అను చిన్న పదార్థము, కణములోని నీరు గడ్డకట్టకుండ కాపాడు చక్కెరలు వాని ఆస్తి. అంతేగాక అవి పొట్టిగా, నేలనంటి, నెమ్మదిగా పెరుగును. సంపాదించిన ప్రతి ఆకును చాలకాలము పొదుపుగా వాడుకొనును.

మరి చలి నోర్చు మొక్క లోహమును కూడ ఓర్చునా? అట్లని ఊహించుట సహజమే గాని ప్రకృతి అంత సులభముగా సమాధానము చెప్పలేదు. స్ప్రూస్, పైన్ వంటి సూదియాకుల చెట్లు సున్నకు క్రింద 40 డిగ్రీల చలిలో నిలువగలవు. లోహములు కరిగించు కొలిమి ప్రక్కన మాత్రము అవి ముందుగా ఎండినవి. రెయిన్‌డీరు అను మంచుదేశపు దుప్పులకు శీతకాలమున ఆహారమైన లైకెన్లు చలికి బెదరవు. గంధకపు పొగకు తాళలేక కొలిమి పరిసరములనుండి మాయమైనవి. వేళ్ళులేని నాచుమొక్కలు తమ ఆహారమును ఎక్కువగా గాలినుండియు వాననుండియు గ్రహించును గనుక, గాలిలో ఎంత లోహమున్నదో వానిలో అంతకంతయు నిలిచిపోవును. స్వీడనులో రూలింగ్, టీలర్ అను శాస్త్రజ్ఞులు 1968లో ఈ గుణమునే కొలమానముగా చేసికొని గాలిలోని లోహమును అంచనా కట్టు పద్ధతిని ప్రకటించిరి. 1990 నుండి ఐరోపా దేశములు అనేకము ఐదేండ్ల కొకసారి నాచును సేకరించి ఇట్లు పరీక్షించుచున్నవి. చలిని గెలుచుట వేరు, లోహమును ఓర్చుట వేరు. మొదటి విద్య రెండవదానికి కొంత సాయపడును గాని, రెండవదాని స్థానమున నిలువదు.

శీతదేశపు నేలకును ఒక బలహీనత యున్నది. మన దేశమున రాలిన ఆకు ఒకటి రెండు వానకాలములలో మట్టిలో కలిసిపోవును. అచట వేసవి రెండు మూడు నెలలే గనుక రాలినది త్వరగా చివుకదు. ఏండ్ల తరబడి నేలమీద మెత్తని పొరగా పేరుకొనును. గాలిలోనుండి పడిన లోహమును ఆ పొర స్పంజివలె పట్టి నిలుపును. విత్తనము పడునది ఆ పొరమీదనే. మొలక మొదటి వేరు దింపునది ఆ పొరలోనికే. సూదియాకులు చివుకునప్పుడు పుట్టు పులుపువలన ఆ నేలలు స్వభావముచేతనే ఆమ్లగుణము కలవి. చింతపండు పులుసు సిద్ధముగా నున్న గిన్నెలోనే లోహము వచ్చి పడుచున్నదన్నమాట.

లోహమునకును ఉత్తరదేశపు మొక్కకును పరిచయము నేటిది కాదు. నార్వే దేశమున రోరాస్ అను కొండప్రాంతములో 1644లో రాగి పరిశ్రమ నెలకొల్పబడి, 1977 వరకు మూడు శతాబ్దములకు పైగా సాగినది. ఆ దేశపు కొండలలో గులాబిరంగు పూలు పూయు ఒక చిన్న మొక్క యున్నది. వృక్షశాస్త్రమున దానిని విస్కేరియా ఆల్పీనా అందురు. రాగి ఎక్కువై ఇతర మొక్కలు నిలువలేని నేలలో ఇది గుంపులుగా పెరుగును. గనులు వెదకువారు దీనిని చూచి క్రింద ఖనిజ మున్నదని గురుతుపట్టెడివారు. నార్వే ప్రజలు దానికి పెట్టిన పేరునకు అర్థము ఖనిజపు మొక్క యనియే. కాని ఇట్టి సహజమైన లోహపు నేలలు చిన్న చిన్న మడులు. వానిని ఓర్చుకొనుటకు మొక్కలకు వేలాది సంవత్సరముల వ్యవధి దొరికినది. మానవుడు తెచ్చిపెట్టిన లోహపు నేలలు యోజనముల మేర వ్యాపించినవి. అవి ఒక్క మనిషి ఆయుర్దాయములోనే ఏర్పడినవి.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ కెనడా దేశమున, ఒంటారియో రాష్ట్రమందలి సడ్‌బరీ. 1883లో కెనడియన్ పసిఫిక్ రైలుమార్గము వేయుచు కొండను పగులగొట్టినప్పుడు అచట రాగి, నికెలు కలసిన ఖనిజము బయటపడినది. ఇరువదవ శతాబ్దపు తొలి సగమున ప్రపంచమునకు కావలసిన నికెలులో అధికభాగము ఈ ఒక్క ప్రాంతమే అందించినది. ఖనిజములో గంధకము మెండు. దానిని పోగొట్టుటకు తొలిరోజులలో ఆరుబయట కట్టెలను పేర్చి, వానిపై ఖనిజమును కుప్పలుగా పోసి నిప్పంటించెడివారు. ఆ కుప్పలు నెలల తరబడి కాలెడివి. 1920లు ముగియువరకు ఈ పద్ధతి సాగినది. గంధకపు పొగ పైకి పోక నేలమీదనే ప్రాకి అడవిని మాడ్చినది. తరువాత వచ్చిన కొలిముల గొట్టములు పొగతోపాటు రాగి, నికెలు రేణువులను చుట్టును వెదజల్లినవి.

కలపకై చెట్లు నరకుట, కార్చిచ్చులు, కొలిమి పొగ - ఈ మూడును కలసి ఆ సీమను బోడిచేసినవి. 17,000 మొదలు 20,000 హెక్టార్ల వరకు నేల పూర్తిగా మోడువారిన దని లెక్కకట్టిరి. దానికి కొన్నిరెట్లు విస్తీర్ణము సగము బోడిగా మారినది. చెట్లు పోగా మట్టి కొట్టుకొనిపోయి రాళ్ళు బయటపడినవి. ఆ రాళ్ళును పొగకు నల్లబడినవి. గంధకపు పొగ నీటిలో కలసి ఆమ్లమగును గదా! మిగిలిన మట్టి పులిసిపోయినది. దాని పులుపును శాస్త్రజ్ఞుల కొలబద్దతో కొలిచిన, తటస్థమైన 7కు బదులుగా 4 ప్రాంతమున నిలిచినది. ఆ కొలబద్దమీద ఒక్క మెట్టు దిగుట పులుపు పదిరెట్లగుట. అనగా నేల వేయిరెట్లు పులిసినదన్నమాట. నేలలో పేరుకొనిన రాగి, నికెలు ఆ పులుపులో కరగి వేళ్ళకు తగులసాగినవి.

ఇచట చలి శత్రువుతో చేతులు కలిపినది. అడవి యున్నప్పుడు చెట్లు గాలి నాపును. మంచు దుప్పటివలె నేలమీద నిలిచి వేళ్ళను కాచును. చెట్లు లేని చోట గాలి మంచును ఊడ్చివేయును. నేల మరింత లోతుగా గడ్డకట్టును. తడిమట్టిలో మంచుసూదులు లేచి, కష్టముమీద మొలచిన మొలకను వేళ్ళతోసహా పైకి నెట్టివేయును. లోహము వేరును పొట్టిచేయును, మంచు ఆ పొట్టివేరును పెకలించును. శీతదేశమున ఈ రెండు బాధలును విడివిడిగా రావు.

అట్టిచోట సైతము కొన్ని మొక్కలు మిగిలినవి. వాని కథయే మనకు ముఖ్యము. 1970లలో సడ్‌బరీ కొలిముల దాపున డెషాంప్సియా అను కుదురుగడ్డి తనంత తాను వ్యాపించుట శాస్త్రజ్ఞులు గమనించిరి. కాక్స్, హచిన్సన్ అనువారు ఆ గడ్డిని, శుభ్రమైన నేలలో పెరిగిన అదే జాతి గడ్డిని తెచ్చి, లోహము కలిపిన నీటిలో పెంచి వేళ్ళ పొడవును పోల్చి చూచిరి. సడ్‌బరీ గడ్డి వేళ్ళు రాగిలోను నికెలులోను సాగుచునే యున్నవి. రెండవదాని వేళ్ళు ఆగిపోయినవి. 1979లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి. జాతి ఒక్కటే, ఓర్పు వేరు.

ఈ ఓర్పు ఎక్కడినుండి వచ్చినది? బ్రిటనులోని వేల్సు ప్రాంతమున పాత సీసపు గనుల మట్టిదిబ్బలమీద మొలచిన గడ్డిని పరిశీలించి, బ్రాడ్‌షా అను శాస్త్రజ్ఞుడు 1952లో దీనికి దారి చూపెను. లోహము ఏ మొక్కకును ఓర్పును నేర్పదు. సాధారణమైన పచ్చికలో సైతము వేలకొలది మొలకలలో ఒకటో రెండో పుట్టుకతోనే కొంత ఓర్పు కలిగియుండును. మంచినేలలో దానికి విలువ లేదు; ఇతర గడ్డితో పోటీలో అది తరచుగా వెనుకబడును. నేల విషమైనప్పుడు తక్కినవన్నియు చచ్చి, ఆ ఒకటియే మిగిలి విత్తనము పెట్టును. రైతు జల్లెడపట్టి విత్తనము నేరినట్లు లోహము మొక్కలను ఏరును. కొద్ది తరములలోనే ఆ చోటు ఓర్పుగల గడ్డితో నిండును. ఏ జాతిలో అట్టి అరుదైన మొలక పుట్టదో, ఆ జాతి ఎంత చలిని ఓర్చునదైనను ఆ చోటనుండి తొలగిపోవలసినదే.

ఓర్పుగల మొక్క లోపల ఏమి జరుగుచున్నదో ఇక చూతము. మొదటి ఉపాయము, లోహమును గుమ్మముకడనే ఆపుట. వేరులోని కణముల గోడలు లోహమును అంటించుకొని లోనికి పోనీయవు. కొన్ని మొక్కలకు ఈ పనిలో తోడు దొరకును. ఐరోపా బీడుభూములలో పెరుగు హెదర్ అను చిన్నపొద వేళ్ళను ఒక శిలీంధ్రము అల్లుకొని యుండును. మొక్క దానికి చక్కెర నిచ్చును. అది మొక్కకు నేలలోని నత్రజనిని తెచ్చిపెట్టును. బ్రాడ్లీ, బర్ట్, రీడ్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు రాగి, జింకు కలిపిన మట్టిలో ఈ పొదను శిలీంధ్రముతోను, శిలీంధ్రము లేకుండను పెంచి, 1981లో తమ పరిశీలనను ప్రకటించిరి. తోడున్న మొక్కలో లోహము వేళ్ళకడనే ఆగినది. ఆకులకు కొద్దిగా మాత్రమే ఎక్కినది. తోడు లేనిది వాడిపోయినది. కండ్లకు కనపడని ఆ బూజు పోగులే ద్వారపాలకులు.

రెండవ ఉపాయము, లోపలికి వచ్చినదానిని కట్టివేయుట. ఈ రహస్యము బయటపడుటలో మన దేశపు మొక్క యొకటి పాత్ర వహించినది. రక్తపుపోటునకు మందు నిచ్చిన సర్పగంధిని వినని వారుండరు. దాని కణములను సీసాలలో పెంచుచున్న జర్మను శాస్త్రజ్ఞులు గ్రిల్, విన్నాకర్, జెంక్ అనువారు వానికి కాడ్మియమును తగిలించి చూచిరి. కణములు వెంటనే క్రొత్త పదార్థము నొకదానిని తయారుచేసినవి. 1985లో వారు దానిని వేరుచేసి ఫైటోకెలాటిన్ అని పేరుపెట్టిరి. గ్లూటాథయోన్ తునుకలను పూసలవలె గుచ్చినచో ఇది యగును. ప్రతి పూసలోను గంధకపు కొక్కెముండును. ఆ కొక్కెము కాడ్మియము వంటి లోహమును పట్టి కదలనీయదు. గ్లూటాథయోన్ చలిబాధలోను మొక్కను కాపాడునదని ముందు చెప్పుకొంటిమి. చలివిద్య లోహవిద్యకు సాయపడునది ఇచటనే. కాని సాయమునకు వెల యున్నది. కొక్కెములకై వాడినది నిప్పు నార్పుటకు మిగులదు. ఒకే సంచిలోని ధాన్యమును రెండిండ్లకు పంచవలసి వచ్చినట్లగును.

మూడవ ఉపాయము, కట్టినదానిని గదిలో పెట్టి తాళము వేయుట. ముదిరిన కణము నడుమ రిక్తిక అను నీటితిత్తి యుండును. ప్రాణవ్యాపారములు జరుగు భాగమునుండి లోహమును తరలించి ఆ తిత్తిలోనికి త్రోసివేయును. ఆల్ప్స్ కొండలలోను ఐరోపాలోని జింకు నేలలలోను పెరుగు నొకియా అను చిన్నమొక్క ఈ విద్యను పరాకాష్ఠకు తెచ్చినది. ఇది ఆవాల కుటుంబమునకు చెందినది. తక్కిన మొక్కలు లోహమును తరిమివేయ జూచుచుండగా ఇది కోరి పైకి లాగికొని, ఆకు పైపొర కణముల తిత్తులలో నింపుకొనును. ఎండిన ఆకు నూరు గ్రాములలో ఒక గ్రామునకు మించి జింకు దీనిలో కనిపించును. ఇట్టి నేలల మొక్కలలో జింకు విపరీతముగా నుండుటను బౌమన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1885లోనే గుర్తించెను. ఆకు నమలవచ్చిన పురుగునకు ఈ నిల్వ విషమగును గనుక, ఇది మొక్కకు కవచము కూడ కావచ్చునని శాస్త్రజ్ఞులు కొందరు భావించుచున్నారు.

నాలుగవ ఉపాయము, ముసలిభాగములకు భారమును అప్పగించుట. ఫిన్లాండు నైరృతి భాగమందలి హర్యవల్తాలో 1945 నుండి రాగి కొలిమి పనిచేయుచున్నది. కొలిమి చెంత అరకిలోమీటరు దూరములో అడవినేల బోడియై యుండగా, క్రోబెర్రీ అను పొట్టిపొద పచ్చగా మిగిలినది. నల్లని చిన్నపండ్లు కాచు ఈ పొద సతతహరితము. శీతకాలమంతయు మంచుక్రింద పండుకొని యుండును. శాస్త్రజ్ఞులు దాని భాగములను విడదీసి పరీక్షింపగా రాగి, నికెలు ముదురు కాండములలోను బెరడులోను దట్టముగా చేరియున్నవి. లేత కొమ్మలకు చాల తక్కువ చేరినది. ఇంటిలోని భారమునంతయు పెద్దలు మోసి పిల్లలను తేలికగా నుంచినట్లు, ముదురు భాగము విషమును దాచుకొని చిగురును కాపాడుచున్నది.

ఈ నాలుగు ఉపాయములను విన్నవారికి మొక్క గెలిచినదని తోచవచ్చును. గెలుపని చెప్పుటకు వీలులేని సంగతి యొకటి కలదు. రష్యా వాయవ్యమున, ఉత్తరధ్రువవృత్తమునకు ఆవల, కోలా ద్వీపకల్పములో మొంచెగోర్స్క్ అను పట్టణము కలదు. 1930ల చివరినుండి అచట నికెలు కొలిమి వెలసినది. దాని చుట్టును అడవి పోయిన చోట్ల అచ్చటచ్చట బర్చ్ చెట్లు గిడసబారి నిలిచియున్నవి. మన ప్రాచీనులు గ్రంథములు వ్రాసికొన్న హిమాలయ భూర్జవృక్షమునకు ఈ బర్చ్ దగ్గరి చుట్టము. అట్లు మిగిలిన చెట్టు లోహము చేరకముందే వేళ్ళు లోతునకు దింపినది. క్రింది పొరలలో లోహము తక్కువ గనుక అది బ్రతుకుచున్నది. దాని విత్తనము మాత్రము లోహము నిండిన పైపొరమీద పడుచున్నది, మొలక వేరూనలేకున్నది. చెట్లున్నవి, సంతతి లేదు. దూరమునుండి చూచువానికి అది పచ్చదనమే. దగ్గరకు పోయినవానికి పిల్లలు లేని ఊరు. కొలిమి పొగ తగ్గించినంతమాత్రమున ఈ దోషము పోదు. పొగ గాలిలో కొన్ని దినము లుండును. లోహము ఆ పైపొరలో శతాబ్దము లుండును.

సడ్‌బరీలో ఈ చిక్కు విప్పిన తీరు గమనింపదగినది. 1972లో అచట 381 మీటర్ల ఎత్తున పొగగొట్టమును కట్టిరి. ఊరి గాలి తేటపడినది గాని గంధకపు పొగ దూరప్రాంతములకు పోయి పడసాగినది. తరువాతి దశాబ్దములలో పొగలోని గంధకమును పట్టివేయు యంత్రములను అమర్చి, విడుచు పొగను పదవవంతునకు లోపుగా తగ్గించిరి; 2020లో ఆ గొట్టమును వాడుకనుండి తొలగించిరి. నేలకు చేసిన వైద్యము మరింత సాదాది. లారెన్షియన్ విశ్వవిద్యాలయమునకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు కీత్ వింటర్‌హాల్డర్ మొదలగువారు చిన్న చిన్న మడులలో ప్రయోగములు చేసి చూచిరి. మట్టిని త్రవ్వి పారవేయ నక్కరలేదు, లోహమును పిండి తీయ నక్కరలేదు. సున్నపురాతి పొడి చల్లిన చాలునని తేలినది.

1978 వేసవిలో పని మొదలైనది. సెలవులలోనున్న విద్యార్థులు, తరువాత గనులలో పని పోయిన కార్మికులు సున్నపు సంచులను భుజములపై మోసి, యంత్రములు ఎక్కలేని రాతిగుట్టల మీద చేతులతో చల్లిరి. హెక్టారునకు సుమారు 10 టన్నుల పొడి పట్టినది. దానిపై కొంత ఎరువు, గడ్డివిత్తనములు, చిక్కుడు కుటుంబపు మొక్కల విత్తనములు చల్లిరి. సున్నము పులుపును విరిచినది. పులుపు విరుగగానే కరగియున్న రాగి, నికెలు మరల మట్టిరేణువులను అంటుకొని కదలిక చాలించినవి. అప్పుడొక వింత జరిగినది. ఎవరును నాటకుండగనే బర్చ్, పాప్లార్, విల్లో మొలకలు గాలిలో వచ్చిన విత్తనములనుండి లేచినవి. విత్తనము ప్రతియేడును వచ్చుచునే యుండెను. అడుగుపెట్టుటకు చోటు మాత్రము ఇప్పుడు దొరికినది. ఒకసారి గడ్డి పట్టిన నేలమీద మంచుసూదుల బెడదయు తగ్గినది. చేతులతో సున్నము చల్లిన నేల 3,000 హెక్టార్లకు మించినది. నాటిన చెట్ల సంఖ్య 2022 నాటికి ఒక కోటికి చేరినది.

పులుసు కాచుటకు ముందు గిన్నెకు కళాయి పెట్టించుట ఎట్టిదో ఇదియు అట్టిదే. కళాయి పెట్టినంతమాత్రమున గిన్నెలోని రాగి మాయము కాదు. పులుపునకును దానికిని నడుమ అడ్డు ఏర్పడును. సడ్‌బరీ నేలలో రాగి, నికెలు నేటికిని ఉన్నవి. సున్నము వానిని నిద్రపుచ్చినది. మరల ఆమ్లపు వానలు కురిసినచో, లేక సూదియాకులు ఏండ్ల తరబడి రాలి నేలను పులియబెట్టినచో, అవి మేలుకొనగలవు. కనుకనే అచటి నేలను, చెట్ల వేళ్ళను, చెరువుల నీటిని పరీక్షించుట మానలేదు. కళాయి అరిగినదా లేదా యని గిన్నెను అప్పుడప్పుడు త్రిప్పి చూచు ఇల్లాలి జాగ్రత్త వంటిదే అది.

ఇందుండి తేలిన సంగతులను క్లుప్తముగా చెప్పుకొందము. పచ్చగా నున్న మొక్క పరిశుభ్రమైన నేలకు సాక్ష్యము కాదు. అది విషమును గోడలో నిలిపియుండవచ్చును, తిత్తిలో దాచియుండవచ్చును, ముదురుకొమ్మకు అప్పగించి యుండవచ్చును. అట్టి నేలలోని పండును, ఆకును పరీక్షింపక తినుట తగదు. పసువులను మేపుటయు తగదు. మొక్క లోహమును ఓర్చును గాని నశింపజేయజాలదు. ఏలయన రాగి ఎంత కాలినను, ఎంత చివికినను రాగియే. ఓర్పుగల కొన్ని మొక్కలు నేలను పట్టి నిలుపగలవు. తక్కిన అడవి తిరిగి రావలెనన్న, మొదట పొగ ఆగవలెను, పిమ్మట పులుపు విరుగవలెను. ఈ రెండును మొక్క చేయగల పనులు కావు. పొగ విడిచినవారే చేయవలసిన పనులు.

మన వంటింటి స్టీలు గిన్నెలలో నికెలున్నది. మనము వినుచున్న రేడియోలో రాగితీగ యున్నది. విద్యుత్తుతో నడుచు వాహనముల బాటరీలకై నేడు ఈ లోహముల గిరాకి మరింత పెరుగుచున్నది. లోహము వలదని ఎవరును అనరు. అది వచ్చిన నేల యొకటి ఉన్నదనియు, ఆ నేలమీద విత్తనము మొలచుటకు ఎవరో సున్నపు సంచి మోయవలసి వచ్చినదనియు ఎరిగియుండుట మనకు మంచిది. ఆ సంచి వెలను కూడ లోహపు వెలలో చేర్చి లెక్కించిన దేశములే రేపు తమ అడవులను నిలుపుకొనగలవు.